బావా, ఆ వెబర్ ఆర్డర్ పెట్టేముందు ఇది చదువు

విజయవాడ,
ఆదివారం

ఏరా బావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. జిప్సీ కొన్నావన్నందుకే సంతోషం అనుకుంటే, దానికి వెబర్ కంపెనీ కార్బ్యురేటర్, అదే ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి ఇచ్చే భాగం, పెట్టిస్తానన్నావు చూడు, అప్పటినుంచి నాకు వేరే పని మీద మనసు పోవట్లేదు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే రాస్తున్నా. పొడుగైనా ఓపిగ్గా చదువు, షెడ్డుకి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకుని పో.

ముందు బండి సంగతి. 1985 డిసెంబర్‌లో జిప్సీ వచ్చినప్పుడు దాన్లో ఉన్నది 970 సీసీ ఇంజిన్, 45 హార్స్‌పవర్. 1996లో జిప్సీ కింగ్ వచ్చింది, 1298 సీసీ, కార్బ్యురేటర్‌తోనే, 60 హార్స్‌పవర్. 2000లో ఎంపీఎఫ్‌ఐ, అంటే పెట్రోలుని నేరుగా చిమ్మే ఇంజెక్షన్, వచ్చాక కార్బ్యురేటర్ కథ ముగిసింది. నీది 98 కింగ్ అన్నావు కాబట్టి నేను చెప్పేదంతా ఆ 1.3 ఇంజిన్ గురించే. 970 సీసీ బండి ఉన్నవాడెవడైనా ఇదే ప్రశ్న అడిగితే మాత్రం, ఉన్నదాన్నే బాగుచేయించుకోమని చెప్పు. ఆ చిన్న ఇంజిన్‌కి ఇది పెద్దదైపోతుంది.

ఎందుకంటే వెబర్ 32/36 అన్నది 1.6, 2.0 లీటర్ల ఫోర్డ్ కార్టినాల్లాంటి వాటికి వాడిన కార్బ్యురేటర్. గాలి పోయే ఒక గొంతు 32 మిల్లీమీటర్లు, రెండోది 36. మామూలుగా నడిపేటప్పుడు చిన్న గొంతొక్కటే తెరుచుకుంటుంది. యాక్సిలరేటర్ మూడింట రెండొంతులు నొక్కాక రెండోది అందుకుంటుంది. మన 1.3కి ఇది సరిపోవడానికి కారణం ఆ అమరికే. 38 డీజీఈఎస్ అని ఇంకొకటి ఉంటుంది, అందులో రెండు గొంతులూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఎవడైనా 'పెద్దదే తీసుకో, పవర్ ఎక్కువ' అంటే ఆ మాట వినకు.

ఒక్క చిన్న లెక్క చెప్తా. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. 1298 సీసీ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3,000 సార్లు పీలిస్తే, అంతా కలిపి 3,900 లీటర్లు. నిజానికి సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి అంతకంటే తక్కువే. 32/36 అంతకు దాదాపు రెట్టింపు గాలిని వదలగలదు. అదే కొండెక్కేటప్పుడు, లో రేంజ్‌లో 1,500 ఆర్‌పీఎం దగ్గర, ఫుల్లుగా నొక్కినా 1,000 లీటర్లు దాటదు. కొండమీద మనం నొక్కేది బొటనవేలంత. అంటే ఆఫ్‌రోడ్‌లో గంటలకొద్దీ మన బండి బతికేది మెయిన్ జెట్ మీద కాదు, స్లో జెట్ మీద, దాని పక్కనుండే ఆ సన్న ప్రొగ్రెషన్ రంధ్రాల మీద. జెట్ అంటే పెట్రోలుని కొలిచి వదిలే సన్న రంధ్రం; మెయిన్‌ది గట్టిగా నొక్కినప్పటికి, స్లోది కాలు తీసినప్పటికి, కొద్దిగా నొక్కినప్పటికి. నువ్వు ఏ కార్బ్యురేటర్ పెట్టినా సరే, బావా, ఈ ఒక్క మాట మర్చిపోకు. అందరూ మెయిన్ జెట్ నంబర్ల గురించే మాట్లాడతారు. రాళ్ల మీద బండి మెల్లగా, ముక్కకుండా, జర్క్ ఇవ్వకుండా పాకాలంటే సెట్ చెయ్యాల్సింది స్లోనే.

అది ఎలా సెట్ చేస్తారో చెప్తా, మెకానిక్ పక్కనుండి చూడు. ఇంజిన్ బాగా వేడెక్కాక స్పీడు స్క్రూని థ్రాటిల్ తగిలిన దగ్గర్నుంచి ఒకటిన్నర చుట్టు కంటే లోపలికి తిప్పకూడదు. స్లోలో పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూని రెండు చుట్లు బయటికి తిప్పి మొదలుపెట్టి, ఇంజిన్ ఎక్కడ హాయిగా, వేగంగా తిరుగుతుందో అక్కడ ఆపాలి. ఆ చోటు రెండున్నర చుట్లు దాటిందంటే స్లో జెట్ చిన్నదైనట్టు. ఒకటిన్నర లోపే దొరికిందంటే పెద్దదైనట్టు. జెట్ మార్చకుండా స్పీడు స్క్రూ బిగించి స్లో నిలబెట్టేవాళ్లున్నారు. అలా చేస్తే థ్రాటిల్ ఆకు ప్రొగ్రెషన్ రంధ్రాలు దాటి తెరుచుకుపోతుంది, ఇక కాలు పెట్టగానే దగ్గు మొదలు. ఈ పని చేసేది ఎంత పేరున్న మిస్త్రీ అయినా ఒప్పుకోకు.

ఇప్పుడు వాలు సంగతి. ఇదే అసలు గొడవ. ఫ్లోట్ చాంబర్ అంటే పెట్రోలు నింపిన ఒక చిన్న గిన్నె. గిన్నె వంచితే పులుసు ఒక పక్కకి చేరినట్టే, బండి వాలగానే పెట్రోలూ ఒక పక్కకి చేరుతుంది. గిన్నె ఇంజిన్‌కి ముందు వైపుంటే, ఎగువకి ఎక్కేటప్పుడు పెట్రోలు గొంతు వైపుకి వస్తుంది, మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోలు పోతుంది. దిగువకి దిగుతూ బ్రేక్ నొక్కితే గొంతు వైపు నుంచి దూరం పోతుంది, ఇంజిన్ ఎండిపోయి ఆగుతుంది. వెనక వైపుంటే అంతా తిరగబడుతుంది. వెబర్‌ని గిన్నె ముందుకొచ్చేలా బిగించమని చెప్పేది అందుకే, ఎక్కే మధ్యలో పెట్రోలు అందక ఆగిపోవడం కంటే కాస్త రిచ్‌గా నడవడం మేలు.

మారేడుమిల్లి నుంచి గుడిసె కొండకి ఎక్కే ఆ ఎర్రమట్టి దారి నీకు తెలుసుగా. ఆ మధ్య మా ముందు ఒక తెల్ల జిప్సీ వెళ్తోంది, ఎక్కడో కొత్తగా పెద్ద కార్బ్యురేటర్ బిగించుకుని వచ్చారు. నిటారుగా ఉన్న మలుపులో ఇంజిన్ ఘుమ్మని మూలిగి, సైలెన్సర్ నుంచి నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. బానెట్ తెరిస్తే ఎయిర్ క్లీనర్ అడుగున పెట్రోలు మడుగు, గిన్నెకి గాలి ఆడే వెంట్ గొట్టం నోట్లోంచి చుక్కచుక్కగా కారుతోంది. పక్కనే వేడి ఎగ్జాస్ట్. నాకు గుండె ఝల్లుమంది. అందరం దూరం జరిగి, బ్యాటరీ వైరు తీసేసి, చల్లారేదాకా ఆగాం. గిన్నె నిండగానే పెట్రోలుని ఆపే నీడిల్‌ని అక్కడే తీసి చూస్తే ఏ తప్పూ లేదు, పంపు ప్రెషర్ ఎక్కువై నీడిల్‌ని తోసేస్తోంది.

కాబట్టి వెబర్‌తో పాటు ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టించాల్సిందే. అది అడిగేది సుమారు 2.5 నుంచి 3 పీఎస్‌ఐ. గేజ్ పెట్టి చూడు, అంచనాతో వద్దు. ఫ్లోట్ లెవెల్‌ని, అంటే గిన్నెలో పెట్రోలు ఎత్తుని, ముందు కార్బ్యురేటర్‌తో వచ్చే కాగితం ప్రకారం పెట్టించు, తర్వాత కొండమీద రిచ్ అవుతుంటే కొద్దికొద్దిగా తగ్గించుకో. వెంట్ గొట్టానికి చిన్న ట్యూబు తగిలించి ఎయిర్ క్లీనర్‌లో ఎత్తైన చోటికి తీసుకెళ్తే, బండి వాలినా పెట్రోలు దాన్నుంచి కారదు. స్ప్రింగు ఉన్న నీడిల్ దొరికితే ఇంకా మంచిది, గుంతల్లో ఎగిరెగిరి పడుతున్నప్పుడు నీడిల్ కొట్టుకోదు.

ఎత్తు గురించి నువ్వు అడగలేదు, నేనే చెప్తా. సముద్రమట్టం నుంచి 1,000 మీటర్లు ఎక్కితే గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది. లంబసింగి ఎత్తు దాదాపు అంతే. అక్కడ మన విజయవాడ సెట్టింగ్ కొంచెం రిచ్‌గా ఉంటుంది, అంతే. ఆ ఎత్తుకి జెట్లు మార్చుకోనక్కర్లేదు.

పెట్రోలే అసలు మారిపోయిందిరా. బంకులో వస్తున్నది ఇప్పుడు ఈ20, అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి సరిపోతే, ఈ20కి 13.5 చాలు. అంటే అదే జెట్‌తో మిక్చర్ దాదాపు 8 శాతం పలచన అవుతుంది. 1998లో సెట్ చేసిన జెట్లతో బండి మొదటి కిక్కుకే స్టార్ట్ కాదు, మధ్యలో ముక్కుతుంది, వేడెక్కుతుంది. దీన్నే చాలామంది 'కార్బ్యురేటర్ పోయింది' అంటున్నారు. పైగా పాత రబ్బరు ఉబ్బిపోతుంది. నీడిల్ కొన, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం, పాత హోసు పైపులు, ఇవన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించు, వైటాన్ అని అడుగు. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ఇథనాల్ తేమ పీల్చి, గిన్నె అడుగున తెల్లని పొడి పేరుకుంటుంది. అది చేరేది కూడా సరిగ్గా స్లో జెట్‌లోకే, ఎందుకంటే దాని రంధ్రం అన్నిటికంటే సన్నది.

అందుకే నా మాట విను, వెబర్ ఆర్డర్ పెట్టేముందు ఉన్న ఫ్యాక్టరీ కార్బ్యురేటర్ సంగతి తేల్చుకో. థ్రాటిల్ షాఫ్ట్ చెవుల దగ్గర కార్బ్ క్లీనర్ కొట్టి చూడు, స్లో పెరిగిందంటే అక్కడ గాలి లోపలికి పోతోంది. ఆ చెవులకి బుష్ వేయించుకోవచ్చు, మన ఆటోనగర్‌లో లేత్ మీద చేసేవాళ్లున్నారు. కిట్ వేసి, జెట్లు పెంచి, టైమింగ్, వాల్వు క్లియరెన్స్, కంప్రెషన్ చూసుకున్నాక కూడా ఇంకా ఏదో తక్కువైందనిపిస్తే అప్పుడు మార్చు. సగం బండ్లకి అక్కడితోనే ఊపిరొస్తుంది.

అయినా నాకు తెలుసు, నువ్వు మారుస్తావు. నేనూ మార్చాను, ఎక్కడా పశ్చాత్తాపం లేదు. మూడో గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గొంతు అందుకునే ఆ తోపు చాలా బాగుంటుంది. కాకపోతే మానిఫోల్డ్, అంటే కార్బ్యురేటర్ కూర్చునే ఇంజిన్ గొట్టం, బోల్టులకి దీని బోల్టులు కలవవు, మధ్యలో ఒక అల్యూమినియం అడాప్టర్ ప్లేట్ కావాలి. ఆటోనగర్‌లో చేయిస్తా, నీ సైజులు పంపు. రంధ్రాల అంచులు మానిఫోల్డ్ రంధ్రాలకి మెట్టు లేకుండా కలవాలి, నేను చేతితో తడిమి చూస్తా. లోపల దాగిపోయే ఆ కౌంటర్‌సంక్ స్క్రూలకి థ్రెడ్ లాకర్ పూసే బిగించాలి. వేడికి, వణుకుడికి అవి వదులైతే ప్యాకింగ్ దగ్గర గాలి పోతుంది, అప్పుడు స్లో ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు. అడాప్టర్‌కి, మానిఫోల్డ్‌కి మధ్య వేడి దాటనివ్వని ఒక మందపాటి ప్యాకింగ్ కూడా పెడదాం. మన ఎండాకాలంలో బండి ఆపి పది నిమిషాలకి మళ్లీ స్టార్ట్ చేస్తే మూతి ముడుచుకునేది గిన్నెలో పెట్రోలు మరిగిపోయినందుకే.

ఇంకో సంగతి. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వ్యాక్యూమ్ గొట్టాన్ని థ్రాటిల్ పైన ఉన్న ముక్కుకే తగిలించాలి, మానిఫోల్డ్ ముక్కుకి కాదు. స్లోలో అది పీల్చకూడదు. అలాగే బానెట్ ఎత్తు కొలువు, అడాప్టర్ కారణంగా ఎయిర్ క్లీనర్ పైకి లేస్తుంది. కొనేటప్పుడు 32/36లోనే డీజీవీ రకం తీసుకో, చేతి చోక్ ఉంటుంది. డీజీఈవీకి ఎలక్ట్రిక్ చోక్, డీజీఏవీకి నీళ్ల చోక్. బురదలో, నీళ్లలో తిరిగేవాడికి కేబుల్ లాగితే పనిచేసే చోకే నమ్మకం. నకిలీలు కూడా చాలా తిరుగుతున్నాయి, చవగ్గా వచ్చిందని ఎగబడకు. మా వీధిలో ఒకాయనకి వచ్చినదాంట్లో మెయిన్ జెట్ మీద ఒక నంబరు ఉంటే, లోపలి రంధ్రం దానికి ఏ సంబంధమూ లేకుండా ఉంది. జెట్ పిన్నులతో కొలిచాకే తెలిసింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి భయపడకు. పాత బండ్లకి స్లోలో సీవో (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం లోపుండాలి, స్లో సరిగ్గా సెట్ చేసిన వెబర్ హాయిగా దాటుతుంది. ఆక్సిజన్ సెన్సర్ గేజ్ నా దగ్గరుంది. సైలెన్సర్‌లో నట్టు వెల్డింగ్ చేయించి పెట్టు, నీ బండికి పెట్టి చూద్దాం. లాంబ్డా అంటే గాలి, పెట్రోలు పాళ్ల కొలత, 1.0 అంటే సరిగ్గా సరిపోయినట్టు. ఫుల్లుగా నొక్కినప్పుడు అది 0.87 దగ్గర, మామూలుగా పోయేటప్పుడు 1.0 దగ్గర ఉంటే ఇంజిన్ క్షేమం. లాంబ్డా స్కేల్లో ఈ20 అయినా మామూలు పెట్రోలు అయినా ఒకటే నంబరు, అదొక వెసులుబాటు.

ఈ తిప్పలన్నీ వద్దనుకుంటే ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ దింపించుకోవడం ఒక దారి. బండి ఎంత వాలినా దానికి దిగులుండదు, అమెరికాలో సుజుకీవాళ్లే మన జిప్సీ లాంటి సమురాయ్‌కి 1990లో ఇంజెక్షన్ పెట్టారు. కానీ అడవిలో సెన్సర్ పోతే స్క్రూడ్రైవర్‌తో బతికించే వీలు ఉండదు. నాకు ఆ వీలే కావాలి, నీకూ అదే నచ్చుతుందని నా నమ్మకం.

మానిఫోల్డ్ మొహం ఫొటో తీసి, బోల్టుల మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి పంపు. ప్లేట్ నాది. పాత కార్బ్యురేటర్ అమ్మకు, చుట్టి దాచిపెట్టు. వదినకి నమస్తే చెప్పు, చిన్నోడిని ఈసారి తీసుకురా.

నీ బావ