లేచి నిలబడటానికి కూడా అనుమతి అడగాలా?

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆరోగ్యం పేజీని నేను వదలకుండా చదువుతాను. వాకింగ్, యోగా, బరువు తగ్గడం, మోకాళ్ల నొప్పులు, అన్నీ వస్తుంటాయి, చాలావరకు బాగానే రాస్తారు. కానీ పొద్దున్నే అరగంట నడిచొచ్చిన మనిషి ఆ తర్వాత తొమ్మిది పది గంటలు కుర్చీలోంచి లేవకపోతే ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం వివరంగా రాయడం లేదు. రాసినా చివర్లో "ఎక్కువసేపు కూర్చోకండి" అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటున్నారు. సరే, కూర్చోవద్దన్నారు, మరి లేవడం తమ చేతుల్లో లేనివాళ్లు ఏం చేయాలి? ఆ సంగతి ఎక్కడా కనిపించక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, కుదిరితే కత్తిరించకుండా వేయండి.

కూర్చుంటే ఒంటికి విశ్రాంతే కదా అనుకుంటాం. కాసేపైతే నిజమే. గంటల తరబడి అయితే విశ్రాంతి కాదు, కొన్ని ముఖ్యమైన పనులు ఆగిపోవడం.

కాళ్ల సంగతి చూడండి. గుండె కొట్టే ప్రతి దెబ్బకీ రక్తం పాదాల దాకా దిగుతుంది, దిగడం తేలికే, మళ్లీ పైకి ఎక్కాలి. ఆ ఎక్కించే పని ఎక్కువగా చేసేది పిక్కలు. నడిచినప్పుడు పిక్క కండరం బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది, పైకెక్కిన రక్తం మళ్లీ జారిపోకుండా సిరల్లోని చిన్న చిన్న కవాటాలు ఆపుతాయి, అందుకే పిక్కను రెండో గుండె అంటారు. కదలకుండా కూర్చుంటే ఈ రెండో గుండె దాదాపు పని మానేసినట్టే. రక్తం కిందే నిలుస్తుంది, అందులోంచి నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది, సాయంత్రానికి చీలమండ దగ్గర సాక్సు గీత లోతుగా పడుతుంది, పొద్దున సరిపోయిన చెప్పులు బిగుతవుతాయి. చాలామంది దీన్ని వయసు ఖాతాలో రాసేస్తారు.

పైనుంచి వచ్చే ధమనుల పరిస్థితీ అంతే. కూర్చున్నప్పుడు తుంటి దగ్గర, మోకాలి వెనక అవి నీళ్ల పైపును వంచినట్టు వంగి ఉంటాయి, కాళ్లలో రక్తం వేగం తగ్గుతుంది. రక్తనాళం లోపలి పొరకి ఆ ప్రవాహపు రాపిడి అవసరం, అది తగిలితేనే నైట్రిక్ ఆక్సైడ్ తయారై నాళం సడలి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసువాళ్లను మూడు గంటలు కూర్చోబెట్టి చూస్తే కాలి ధమనికి సడలే గుణం తగ్గింది. అదే ప్రయోగంలో రెండో కాలిని మాత్రం మధ్యమధ్యలో ఒక్కో నిమిషం ఆడిస్తూ ఉండమన్నారు, ఆ కాలికి ఆ నష్టం జరగలేదు. మనిషి ఒకరే, కుర్చీ ఒకటే, కదిలిన కాలికీ కదలని కాలికీ అంత తేడా! కాళ్లు ఊపుతున్నారని పక్కవాళ్లను విసుక్కునేవాళ్లు దయచేసి ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇది ముదిరితే ప్రాణం మీదికి వస్తుందని తెలిసి కూడా చాలా ఏళ్లయింది. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో జనం షెల్టర్లలో మడత కుర్చీల మీద రాత్రంతా కూర్చునేవాళ్లు. వాళ్లలో కొందరు ఉన్నట్టుండి చనిపోతున్నారు. కీత్ సింప్సన్ అనే వైద్యుడు పరీక్షించి చూస్తే కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడిందని తేలింది. కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకోవడం, గంటల తరబడి కదలకపోవడం. ఇవాళ దూర ప్రయాణాల విషయంలో చెప్పేది కూడా ఇదే, నాలుగు గంటలు దాటిన ప్రయాణం తర్వాత ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధనలో తేలింది, విమానమే కానక్కర్లేదు, బస్సైనా రైలైనా కారైనా ఒకటే. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెట్టింపైనా అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే. కానీ ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, ఇంతకుముందు గడ్డలు వచ్చినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే ఆయింట్‌మెంట్ రాసి పడుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఇక షుగర్. తిన్న తర్వాత రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని తీసుకోవాల్సినవి కండరాలు. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టకపోయినా గ్లూకోజ్‌ని లోపలికి లాక్కోగలదు. మన ఒంట్లో పెద్ద పెద్ద కండరాలన్నీ తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి, కూర్చుంటే మూలపడేవి సరిగ్గా అవే. అప్పుడు భారమంతా ఇన్సులిన్ మీద పడుతుంది. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు బరువు ఎక్కువున్న కొందరిని ఒకరోజు ఐదు గంటలు కదలకుండా కూర్చోబెట్టారు, ఇంకోరోజు ప్రతి 20 నిమిషాలకూ లేపి రెండే రెండు నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. నడిపించిన రోజు తిన్న తర్వాత పెరిగే షుగర్, ఇన్సులిన్ రెండూ సుమారు నాలుగో వంతు తగ్గాయి. చెమట పట్టలేదు, జిమ్ లేదు, బట్టలు మార్చుకునే పని కూడా లేదు. ఈ రెండు నిమిషాల గురించే నా పోరు అంతా.

నడుం నొప్పి గురించి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం. పెద్దవాళ్ల వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకి నేరుగా రక్తనాళాలు ఉండవు, పోషణ పక్కనుంచి ఊరుతూ రావాలి, భారం పడుతూ తీస్తూ ఉంటే ద్రవాలు లోపలికీ బయటికీ కదులుతాయి. అందుకని ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా, ఎంత నిటారుగా కూర్చున్నా, ఒకే భంగిమలో నాలుగు గంటలంటే నడుముకి ఇబ్బందే.

బస్సుల కథ ఒకటి చెప్పాలి. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి చూశాడు. బస్సు ఒకటే, డ్యూటీ ఒకటే, డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండె జబ్బు కండక్టర్లలో తక్కువ, వచ్చినా కాస్త పెద్ద వయసులో వచ్చింది. పోస్ట్‌మెన్‌నీ ఆఫీసు గుమాస్తాలనీ చూసినా తేడా అలాగే కనిపించింది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం ఆ తర్వాత చేసిన పని వల్ల. అసలు లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానంతో ఆయన బృందం వాళ్ల యూనిఫాం కొలతలు తీసి చూసింది, నిజంగానే డ్రైవర్ల నడుం కొలత ఎక్కువ, చిన్న వయసు డ్రైవర్లలో కూడా. అంటే తప్పంతా సీటుదే అని తేల్చేయడానికి లేదని వాళ్లే 1956లో రాసుకున్నారు. తర్వాత ఒంటి తీరును లెక్కలోకి తీసుకుని చూసినా కండక్టర్లకి ఉన్న లాభం పూర్తిగా పోలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "కూర్చోవడం సిగరెట్ తాగడంతో సమానం" అని హెడ్డింగులు పెడుతున్నారు, మీ పత్రికలో అయినా అలాంటివి వేయకండి. సమానం కాదు. సిగరెట్ చేసే చెడు దీనికంటే చాలా చాలా ఎక్కువ. ఇలా పెంచి రాస్తే రెండు నష్టాలు, పొగ తాగేవాడు "అందరూ కూర్చుంటున్నారుగా" అని ధైర్యం తెచ్చుకుంటాడు, కూర్చుని పనిచేసేవాడు "ఇక నేనేం చేసినా ఇంతే" అని నీరుగారిపోతాడు.

నీరుగారిపోవాల్సిన పని లేదు. 2016లో పది లక్షలమందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూసిన ఒక పెద్ద పరిశీలనలో, రోజుకి 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచినంత శ్రమ చేసేవాళ్లలో, ఎనిమిది గంటలకు పైగా కూర్చున్నా దానివల్ల పెరిగే మరణ ముప్పు కనబడలేదు. మంచి వార్తే. అయితే లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే కనీస వ్యాయామం వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు, అది కూడా కుదరని ఇళ్లు ఎన్నో. ఉద్యోగం, రాకపోకలు, వంట, పిల్లల చదువు, పెద్దవాళ్ల సేవ, ఇవన్నీ అయ్యాక రోజూ గంటంపావు నడవగలిగేది ఎంతమంది? నడవగలిగినవాళ్లు తప్పకుండా నడవాలి. మిగతావాళ్లకి దారి పనిగంటల మధ్యలోనే దొరకాలి.

ఇక్కడే అసలు చిక్కు. నేను అకౌంట్స్ పనిచేస్తాను. ఇంతకుముందు పనిచేసిన ఒక చోట సీట్లోంచి లేచిన ప్రతిసారీ కంప్యూటర్‌లో బ్రేక్ అని నొక్కాలి, ఆ నిమిషాలన్నీ నెలాఖరున లెక్కకొచ్చేవి. దాంతో మేం నీళ్లు తాగడం తగ్గించాం, తాగితే లేవాల్సొస్తుందని. ఆడవాళ్లకైతే దాని ఫలితం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. లేచి నిలబడి ఫోన్ మాట్లాడితే "పనేం లేదా" అని ఒక చూపు. గంటలకొద్దీ కదలకుండా కూర్చున్నవాడే నిజాయితీగా పనిచేస్తున్నట్టు ఒక నమ్మకం ఉంది చూశారూ, నాకు దానిమీదే కోపం. కాల్ సెంటర్ ఉద్యోగి, టికెట్ కౌంటర్‌లో క్లర్కు, కుట్టు మిషన్ మీద పీసుకి ఇంత అని కుట్టే మనిషి, లారీ డ్రైవర్, వీళ్లకి "బద్ధకం వదలండి" అని సలహా ఇస్తే ఎలా? వీళ్లలో బద్ధకం ఎక్కడుంది? లేవడానికి వీలు లేకపోవడం ఉంది. బడిలో పిల్లలకీ ఇదే నేర్పుతున్నాం, కదలకుండా కూర్చున్నవాడు మంచి పిల్లాడు.

అలాగని రోజంతా నిలబెట్టమనీ కాదు. నిలబడితే ఖర్చయ్యేది గంటకి ఏ ఎనిమిదో తొమ్మిదో కేలరీలు ఎక్కువ, అంతే. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లకి కాళ్లలో సిరలు ఉబ్బడం, పాదాల నొప్పులు, అవి వేరే. టాంజానియాలో వేటాడి బతికే హాడ్జా ప్రజలు కూడా మెలకువగా ఉండే వేళలో పది గంటల దాకా కూర్చునో పడుకునో ఉంటారని 2020లో పరిశోధకులు రాశారు. అయినా గుండె జబ్బు లక్షణాలు వాళ్లలో చాలా తక్కువ. మిగతా సమయంలో బాగా కష్టపడతారు, అది ఒక కారణం. రెండోది, వాళ్లు కూర్చునే తీరు, గొంతుక్కూర్చుంటారు, మోకాళ్ల మీద కూర్చుంటారు, అప్పుడు కాళ్ల కండరాలు కొద్దో గొప్పో పనిచేస్తూనే ఉంటాయి. వీపు ఆనే కుర్చీలో అవి పూర్తిగా నిద్రపోతాయి.

ఇంకో మాట, చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకి లేచి నిలబడండి అనే సలహా వినడానికే బాధగా ఉంటుంది. వాళ్లకి కావాల్సింది వేరు, బరువు ఒకేచోట పడకుండా తరచుగా అటూ ఇటూ మార్చుకోవడం, చేతులతో చేసే వ్యాయామం, పుండ్లు పడకుండా సరైన దిండు. ఆరోగ్యం పేజీలో వీళ్ల కోసం కూడా రెండు పేరాలు ఉండాలి.

యూరప్‌లో 1990లోనే కంప్యూటర్ తెర ముందు పనిచేసేవాళ్ల గురించి ఒక నిబంధన తెచ్చారు, ఆ పనికి మధ్యమధ్యలో విరామమో వేరే రకం పనో ఉండేలా రోజును ఏర్పాటు చేయాల్సిన బాధ్యత యజమానిదే అని. ఉద్యోగి అడుక్కోనక్కర్లేదు. అలాంటిది ప్రతిచోటా ఉండాలి, తెర ముందు పనికే కాదు, కూర్చుని చేసే ప్రతి పనికీ. అరగంటకోసారి రెండు మూడు నిమిషాలు లేవడాన్ని పనిగంటల్లోనే లెక్కకట్టాలి, జీతంలోంచి కోయకూడదు. ఫోన్ మాట్లాడేటప్పుడు నిలబడితే తప్పు పట్టకూడదు. చిన్న మీటింగులు నడుస్తూనో నిలబడో పెట్టుకోవచ్చు. బడిలో పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య పిల్లల్ని ఒకసారి లేపి కదిలించడానికి టీచర్‌కి ఖర్చేమీ కాదు.

ఎడిటర్ గారూ, మీకు నా విన్నపం ఒక్కటే. డ్రైవర్లు, దర్జీలు, కౌంటర్ ఉద్యోగులు, కాల్ సెంటర్లవాళ్లు, వీళ్ల దగ్గరికి మీ విలేకరులను పంపి, వరసగా ఎన్ని గంటలు కూర్చుంటున్నారో, లేస్తే ఎవరేమంటున్నారో అడిగించి రాయించండి. ఆ పక్కనే డాక్టర్ మాట వేయండి, ఆ పక్కనే యజమానుల జవాబు కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు