గాస్కెట్ల సంగతి సీజన్‌కు ముందే చూడాలి

సంపాదకుల వారికి,

తోతాపురి మామిడి కాపు దిగగానే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారు, కాయ ధర పత్రికల్లో వస్తూనే ఉంటాయి. లోపల లైను ఎందుకు ఆగిందో ఎవరూ రాయరు. చాలాసార్లు ఆపేది గుజ్జును వేడిచేసి క్రిములు చంపే స్టెరిలైజర్ దగ్గర కారే గాస్కెట్టే, అంటే అతుకుల్లో కారకుండా వేసే రబ్బరు సీలే.

చిక్కంతా కొనే దగ్గరుంది. ఆర్డర్‌లో సైజు రాస్తారు, రబ్బరు రకం రాయరు. నైట్రైల్, ఈపీడీఎం అనే రెండు రకాల రబ్బర్లూ నల్లగానే ఉంటాయి, చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు. నూనె తగిలే గేర్‌బాక్స్ సీళ్లకు నైట్రైల్ సరిపోతుంది. ఆవిరి, లైను కడగడానికి తిప్పే వేడి కాస్టిక్ సోడా పోయే చోట ఈపీడీఎం కావాలి. తారుమారైతే నైట్రైల్ ఆవిరికి గట్టిపడి పగులుతుంది, ఈపీడీఎం నూనెకు ఉబ్బి గాడిలో కూర్చోదు. సులువుగా ఎక్కుతుందని ఈపీడీఎం రింగుకు మామూలు గ్రీజు పూసేవాళ్లూ ఉన్నారు! ఆహార పరిశ్రమకు పనికొచ్చే సిలికాన్ గ్రీజే పూయాలి. అనుమానముంటే చిన్న ముక్క కోసి రాత్రంతా డీజిల్‌లో వేసి చూడండి, బాగా ఉబ్బితే అది నైట్రైల్ కాదు.

విప్పిన పాత ‘O’ రింగును (గుండ్రటి రబ్బరు సీలును) వెంటనే పారేయకండి. అడ్డంగా కోసి చూస్తే కోత గుండ్రంగా లేక రెండు పక్కలా చదునైపోయి ఉంటే వేడికో వయసుకో దాని పని అయిపోయినట్టు. అంచు కొరికినట్టుంటే ఫ్లాంజ్ (పైపుల చివర బోల్టులతో బిగించే అంచు) సందు ఎక్కువైంది, అది సరిచేయకుండా కొత్తది వేసినా నిలవదు. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే గాడిలో గీత పడుతుంది. అందులో చేరిన గుజ్జు అక్కడే పులుస్తుంది, కాస్టిక్ తిప్పినా పూర్తిగా వదలదు.

పలుచటి ప్లేట్ల మధ్య గుజ్జును వేడి చేసే, చల్లార్చే ప్లేట్ల హీట్ ఎక్స్ఛేంజర్ విప్పేముందు రెండు ఫ్రేముల మధ్య దూరం కొలిచి రాసుకోవాలి. బిగించేటప్పుడు ఎదురెదురు మూలల బోల్టులు కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ కొలతకు తేవాలి. కారుతోందని తయారీదారు ఇచ్చిన కనీస కొలత కంటే దగ్గరకు లాగితే ప్లేట్లు వంగుతాయి. ప్రెషర్ ఉండగా బోల్టు ముట్టుకోనే కూడదు.

స్పేర్ రింగుల్ని మేకుకు తగిలించడం మన దగ్గర మామూలే. వేలాడి సాగుతాయి, పైగా ఎండ, వెల్డింగ్ నుంచి పుట్టే ఓజోన్ సన్నటి చీలికలు తెస్తాయి. నల్ల కవర్లో వదులుగా, చల్లటి చోట పెట్టాలి. కవర్ మీద తయారీ తేదీ లేని సరుకు తీసుకోకపోవడమే మేలు.

ధర కోసం కలెక్టరేట్‌లో ఫ్యాక్టరీలతో సమావేశాలు జరుగుతాయి కదా, గాస్కెట్లు మార్చి నీళ్లతో ప్రెషర్ టెస్ట్ చేశారా అని కూడా అక్కడ అధికారులు అడగాలి.

– గుజ్జు పరిశ్రమల ఫిట్టర్లు కొందరు, చిత్తూరు