పేషెంట్‌ని చూసి అంచనా వేయొద్దని నర్సింగ్ పిల్లలకి ముందు నేర్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆసుపత్రుల్లో అంటుకునే ఇన్ఫెక్షన్ల గురించి పోయిన వారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. బాగా రాశారు, కాదనను, కానీ మొత్తం శానిటైజర్లు, మాస్కులు, యాంటీబయోటిక్స్ గురించే ఉంది, మంచం మీద పడుకున్న మనిషి గురించి ఒక్క ముక్క కూడా లేదు. నేను 22 ఏళ్లు వార్డుల్లో డ్యూటీ చేసి ఇప్పుడు నర్సింగ్ ఫస్ట్ ఇయర్ పిల్లలకి ఫౌండేషన్స్ సబ్జెక్ట్ చెప్తున్నా. ఆ వ్యాసం చదివిన దగ్గర్నుంచీ రాయాలి రాయాలి అనుకుంటున్నా, ఈరోజు కుదిరింది, కొంచెం పెద్దదైనా దయచేసి వేయండి.

మా సబ్జెక్ట్‌లో ఆరోగ్యం అంటే ఏంటి అనేది ఒక యూనిట్, రకరకాల సంస్కృతుల పేషెంట్లని ఎలా చూసుకోవాలి అనేది ఇంకో యూనిట్, ఇన్ఫెక్షన్ కంట్రోల్ మరో యూనిట్. పిల్లలు మూడింటినీ మూడు వేరే వేరే నోట్సుల్లా బట్టీ పట్టేసి పరీక్షలో దించేసి మర్చిపోతారు, వాళ్ల తప్పు కాదు, మేం చెప్పేదే అలా చెప్తున్నాం. నాకు వార్డులో ఇన్నేళ్లకి అర్థమైంది ఏంటంటే ఈ మూడింటికీ మూలం ఒకటే. మనిషిని చూసి అంచనా వేయకూడదు. ఎవరికి జబ్బు ఉంటుందో మొహం చూసి తేల్చేయకూడదు, ఎవరికి ఏం కావాలో పేరు చూసి తేల్చేయకూడదు.

ఇది నాకు ఎవరో చెప్తే రాలేదు. నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఒక వార్డులో పక్కపక్క బెడ్లలో ఇద్దరు ఉండేవాళ్లు. ఒకాయన పెద్దాయన, నీట్‌గా షేవ్ చేసుకుని, మెల్లగా మర్యాదగా మాట్లాడేవాడు. పక్క బెడ్‌లో ఒక కుర్రాడు, చేతుల నిండా మానని పుళ్లు, ఎవరూ చూడ్డానికి వచ్చేవాళ్లు కాదు. నేను ఆ కుర్రాడి దగ్గరకి వెళ్లాలంటే రెండు జతల గ్లౌజులు వేసుకునేదాన్ని, పెద్దాయనకి మాత్రం రక్తం తీసేటప్పుడు వట్టి చేతులతోనే తీశాను, ఆయన ముందు గ్లౌజులు వేసుకుంటే ఏమనుకుంటారో అని. తర్వాతి రోజు రిపోర్ట్ వచ్చింది, హెపటైటిస్ బి, అంటే రక్తంతో అంటుకునే కాలేయం జబ్బు, ఉన్నది పెద్దాయనకి. నా వేలికి సూది గుచ్చుకోలేదు కాబట్టి బతికిపోయాను. టీకా వేసుకోని వాళ్లకి హెపటైటిస్ బి ఉన్న రక్తంతో సూది గుచ్చుకుంటే అంటుకునే రిస్క్ 30 శాతం దాకా ఉంటుంది, అదే హెచ్ఐవి అయితే దాదాపు 0.3 శాతం. ఆరోజు నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ రిస్క్ కాదు, ఆ కుర్రాడు నా రెండు జతల గ్లౌజుల్ని రోజూ చూస్తూ ఉన్నాడు, ఏమీ అనలేదు.

అందరి రక్తాన్నీ ఒకేలా చూడాలి అనే రూల్ అమెరికాలో సిడిసి అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 1985లో హెచ్ఐవి భయం మధ్యలో మొదలుపెట్టింది, అప్పట్లో యూనివర్సల్ ప్రికాషన్స్ అనేవాళ్లు, 1996లో దాన్ని ఇంకా పెంచి స్టాండర్డ్ ప్రికాషన్స్ చేశారు. రక్తం, శరీరంలోంచి వచ్చే ద్రవాలు, చెమట తప్ప అన్నీ, తెగిన చర్మం, నోటి లోపలి పొర, ఇవి ఎవరివైనా సరే అంటుకునేవే అనుకుని జాగ్రత్త తీసుకోవాలి. పిల్లలు దీన్ని సేఫ్టీ రూల్ అనుకుంటారు, నిజమే, కానీ నా దృష్టిలో ఇది మర్యాదకి సంబంధించిన రూల్ కూడా. అందరి దగ్గరా ఒకటే గ్లౌజు వేసుకుంటే ఎవరినీ వేలెత్తి చూపించినట్టు ఉండదు కదా. బెడ్ మీద ఎర్ర స్టిక్కర్ వేసి వార్డంతటికీ చాటింపు వేయాల్సిన పనే ఉండదు.

అంచనాలతో ప్రాణాలు పోవడం కొత్త కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ పనిచేసిన ఆసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులు ఉండేవి, ఒకటి డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు చూసేది, ఇంకోటి మంత్రసానులు చూసేది. డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువగా చనిపోయేవాళ్లు. కారణం ఏంటని చూస్తే వాళ్లు శవాల్ని కోసి నేరుగా కాన్పులు చేయడానికి వచ్చేవాళ్లు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోమని రూల్ పెట్టాడు, ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు రెండు నెలల్లో 2 శాతం దగ్గరకి వచ్చాయి. అయినా చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు, మా చేతులు మురికివి అంటావా అని అవమానంగా ఫీలయ్యారు. పెద్ద చదువు చదివిన వాడి చేయి శుభ్రంగానే ఉంటుంది అనేది కూడా ఒక అంచనానే కదండీ, ఇప్పటికీ పెద్ద డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి అలాగే వెళ్లిపోతుంటే మా పిల్లలు శానిటైజర్ బాటిల్ పట్టుకుని వెనకాల నిలబడతారు, అడగడానికి నోరు రాదు.

చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ ఐదు సందర్భాలు చెప్పింది. పేషెంట్‌ని ముట్టుకునే ముందు, కాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం), క్యాథెటర్ (మూత్రానికి పెట్టే గొట్టం), డ్రెస్సింగ్ లాంటి శుభ్రమైన పని చేసే ముందు, రక్తమో మూత్రమో అంటుకునే అవకాశం ఉన్న పని తర్వాత, పేషెంట్‌ని ముట్టుకున్న తర్వాత, పేషెంట్ చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్న తర్వాత. మొదటి నాలుగూ పిల్లలకి నోటికి వస్తాయి, ఐదోది ఎప్పుడూ జారిపోతుంది. పేషెంట్‌ని ముట్టుకోలేదు కదా మేడం, సెలైన్ స్టాండ్ జరిపానంతే, అంటారు. బెడ్ పక్కన రైలింగ్, లాకర్, కాలింగ్ బెల్, మానిటర్ బటన్లు, రోజంతా అందరి చేతులూ పడేవి అవే. ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి, బొటనవేలూ వేళ్ల కొసలూ మర్చిపోకూడదు. క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్ (పాత పేరు క్లాస్ట్రిడియం డిఫిసిల్) అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు అవుతున్న పేషెంట్ దగ్గర ఆల్కహాల్ రబ్ పనికిరాదు, దాని స్పోర్లు (గట్టి పొరలో దాక్కునే రూపం) ఆల్కహాల్‌కి చావవు, సబ్బూ నీళ్లతో కడగాల్సిందే. గ్లౌజులు వేసుకుంటే చేతులు కడగక్కర్లేదు అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు, కంటికి కనపడని చిల్లులు ఉండొచ్చు, తీసేటప్పుడే చేతికి అంటుకోవచ్చు. ఒకే గ్లౌజులతో నాలుగు బెడ్లు తిరిగే స్టాఫ్‌ని చూశాను, ఆ గ్లౌజు వాళ్లని కాపాడుతోంది గానీ పేషెంట్లని కాదు.

ఇప్పుడు రెండో విషయం, నేను అసలు రాయాలనుకున్నది.

కొన్నేళ్ల కింద ఒకామెకి కాన్యులా పెట్టాల్సి వచ్చింది. మణికట్టు దగ్గర ఒక పాత దారం కట్టుకుని ఉంది, నలిగిపోయి రంగు పోయి ఉంది. మా స్టూడెంట్ ఒకమ్మాయి మంచి ఉద్దేశంతోనే, దారంలో క్రిములు ఉంటాయని క్లాసులో చెప్పాం కాబట్టి, ఒక్క మాట కూడా అడక్కుండా కత్తెర పెట్టి కట్ చేసేసింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. చేయి వెనక్కి లాక్కుని దుప్పటి లోపల పెట్టుకుంది. తర్వాత ఇంకో చేతికి ఎలాగో కాన్యులా పెట్టారు గానీ కాన్యులా ఉన్న ఆ చేయి మళ్లీ ఎవరికీ చూపించలేదు, డ్రెస్సింగ్ తడిసినా చెప్పలేదు, చూద్దాం అంటే వద్దు అని తల తిప్పేసుకునేది. పేషెంట్ సహకరించడం లేదు అని షీట్‌లో రాశారు. మూడో రోజు నేను డ్యూటీకి వచ్చి చూస్తే ఆ చోట ఎర్రగా వాచి ముట్టుకుంటే వేడిగా ఉంది. ఇన్ఫెక్షన్ రాకూడదని దారం కోశాం, ఆ కోసినందుకే ఇన్ఫెక్షన్ వచ్చింది. నేను కాన్యులా తీసేసి, పక్కన కూర్చుని, ఆ దారం గురించి చెప్తారా అని అడిగాను. చనిపోయిన కొడుకు కట్టింది అంది. ముక్క ఇంకా దాచుకుంది, తలగడ కింద. దాన్ని ఒక చిన్న శుభ్రమైన కవర్లో పెట్టి, దిండు గలీబుకి పిన్నుతో పెట్టాం, కొత్త కాన్యులాకి ఆమే చేయి చాపింది. మొత్తం ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది.

మడలీన్ లైనింగర్ అని ఒక అమెరికన్ నర్స్, 1950ల్లో మానసిక ఇబ్బందులున్న పిల్లల దగ్గర పనిచేస్తూ, ఒక్కో నేపథ్యం నుంచి వచ్చిన పిల్లలు ఒకే సంరక్షణకి ఒక్కోలా స్పందిస్తున్నారని గమనించి, ఆంత్రోపాలజీ (మనుషుల సంస్కృతుల గురించిన శాస్త్రం) చదివి, పపువా న్యూ గినీలో గాడ్సుప్ అనే తెగతో కలిసి ఉండి పరిశోధన చేసి, సంస్కృతి తెలిసి చేసే నర్సింగ్ అనే శాఖనే మొదలుపెట్టింది. ఆమె చెప్పింది మూడు దారులు. పేషెంట్ అలవాటు హాని చేయనిదైతే దాన్ని అలాగే ఉండనివ్వాలి. కొంచెం ఇబ్బంది ఉంటే మాట్లాడుకుని ఇద్దరికీ కుదిరేలా సర్దుకోవాలి. నిజంగా ప్రమాదం ఉంటే పేషెంట్‌తో కలిసి, పేషెంట్ ఒప్పుకున్న పద్ధతిలో మార్చుకోవాలి. ఆ దారం విషయంలో మేం మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా మూడోదానికి దూకాం, అదీ ఆమెని కలుపుకోకుండా.

ఇక్కడ ఇంకో ప్రమాదం కూడా ఉంది, చాలామంది దాన్ని చూడరు. కొన్ని నోట్సుల్లో ఫలానా మతం వాళ్లు ఇలా, ఫలానా దేశం వాళ్లు నొప్పి ఓర్చుకుంటారు, ఫలానా వాళ్లు ఎక్కువ చేసి చెప్తారు అని టేబుల్ వేసి ఇస్తారు. పిల్లలు ఆ టేబుల్ పట్టుకుని వార్డుకి వెళ్తారు. అది అంచనా వేయడం నేర్పించడమే, కాకపోతే దానికి కల్చర్ అని మంచి పేరు పెట్టాం. మార్గో మెక్‌కాఫరీ అనే నర్స్ 1968లోనే చెప్పింది, నొప్పి అంటే అనుభవిస్తున్న మనిషి చెప్పేదే నొప్పి అని. న్యూజీలాండ్‌లో ఇరిహాపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ (అక్కడి మూలవాసి) నర్స్ ఇంకో అడుగు ముందుకెళ్లి, నర్స్ ముందు తన సంస్కృతినీ, తన అధికారాన్నీ తెలుసుకోవాలి, సంరక్షణ క్షేమంగా ఉందా లేదా అని తేల్చేది నర్స్ కాదు పేషెంటే అని చెప్పింది, అక్కడ నర్సింగ్ చదువులో ఇది భాగం అయింది కూడా.

అంచనా తప్పడం మాటల్లోనే కాదు, కళ్లతో చూసేటప్పుడు కూడా జరుగుతుంది. బెడ్ సోర్ (కదలకుండా పడుకుంటే ఒత్తిడికి వచ్చే పుండు) మొదటి దశలో చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా తెల్లబడదు అని పుస్తకంలో రాసి ఉంటుంది, బొమ్మ కూడా తెల్ల చర్మందే ఉంటుంది. ముదురు రంగు చర్మం మీద ఆ ఎరుపు చాలాసార్లు కనపడదు. వెలుతురు సరిగ్గా పెట్టుకుని, చేతితో తడిమి పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిగా ఉందా లేక మెత్తగా ఉందా, అక్కడ నొప్పి ఉందా అని అడగాలి. ఎరుపు లేదు కాబట్టి బాగానే ఉంది అని రాసేసి వెళ్తే రెండ్రోజులకి చర్మం చిట్లుతుంది, చిట్లిన చర్మం అంటే క్రిములకి తెరిచిన తలుపు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ కూడా అంతే, అమెరికాలో 2020లో బయటపడిన లెక్కల్లో నల్లజాతి పేషెంట్లలో రక్తంలో ఆక్సిజన్ తక్కువున్నా మెషిన్ పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉంది. మెషిన్ నంబర్ బాగుంది అని ఆయాసపడుతున్న మనిషిని వదిలేయకూడదు.

భాష గురించి కూడా ఒక మాట. అర్థమైందా అని అడిగితే ఎవరైనా ఆఁ అనే తలూపుతారు, నేనైనా అంతే. అలా కాకుండా ఇంటికెళ్లాక ఈ డ్రెస్సింగ్ ఎలా మారుస్తారో నాకు ఒకసారి చూపించండి అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. పేషెంట్ భాష మనకి రాకపోతే పక్కనున్న చిన్నపిల్లాడితో చెప్పించేయడం చాలా చోట్ల చేస్తారు, అది చేయకూడదు, తల్లి రోగం గురించి పదేళ్ల పిల్లాడు ఏం చెప్పగలడు, ఏం దాస్తాడు. ఐసోలేషన్ గదిలో పెట్టినప్పుడైతే ఇది ఇంకా ముఖ్యం. ఎందుకు విడిగా పెట్టామో వాళ్లకి తెలిసే భాషలో చెప్పకపోతే ఏదో శిక్ష వేసినట్టే అనుకుంటారు. గౌను, మాస్కు వేసుకోవాలి కదా అని స్టాఫ్ కూడా ఆ గదిలోకి తక్కువ సార్లు వెళ్తారు, నేను కూడా వెళ్లలేదు కొన్నిసార్లు, పని ఎక్కువైనప్పుడు. లోపలి మనిషి మాట్లాడే దిక్కు లేక దిగులు పడిపోతాడు. డబ్ల్యూహెచ్‌ఓ 1948 నుంచీ ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, శరీరం, మనసు, నలుగురిలో బతుకు మూడూ బాగుండడం అని చెప్తూనే ఉంది, గోడ మీద ఆ వాక్యం ఫ్రేమ్ కట్టి పెట్టుకుని ఐసోలేషన్ గది తలుపు మూసేస్తే ఎలా.

నర్సింగ్ టీచర్లకి నా విన్నపం, ఈ మూడు యూనిట్లనీ ఒకే బెడ్ పక్కన కలిపి చెప్పండి, ప్రాక్టికల్స్‌లో చేతులు కడిగే స్టెప్స్‌కి మార్కులు వేసినట్టే, పేషెంట్‌ని ముట్టుకునే ముందు పర్మిషన్ అడిగిందా, ఏం చేయబోతోందో చెప్పిందా అనేదానికీ మార్కులు వేయండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకీ వాళ్ల ఇంట్లోవాళ్లకీ కూడా చెప్తున్నా, సిస్టర్, చేతులు శుభ్రం చేసుకున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. ఒంటి మీదున్న దేన్నైనా తీసేయాలంటే ముందు నాకు చెప్పండి అని అడ్మిట్ అయిన మొదటి రోజే చెప్పేయండి, ఆ మాట నోట్స్‌లో రాయించండి. మీకు వీలైతే ఈ రెండు మాటల్నీ మీ ఆరోగ్యం పేజీలో కొంచెం పెద్ద అక్షరాల్లో వేయండి, కత్తిరించి దగ్గర పెట్టుకునేలా.

ఇట్లు,
ఒక నర్సింగ్ ట్యూటర్