మూడింటికి ఆ క్యాన్ బదులు

అమ్మలూ,

మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు వాలిపోతున్నాయనీ, ఎనర్జీ డ్రింక్ పడితే గానీ పని సాగట్లేదనీ అన్నావు. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఆ క్యాన్ వెనకాల చిన్న అక్షరాలు చదువు. 250 మిల్లీలీటర్లలో చక్కెర దాదాపు 27 గ్రాములుంటుంది, ఇంచుమించు ఆరు చెంచాలు! ఇక కెఫీన్ బలమేమీ ఇవ్వదే తల్లీ. పొద్దుట్నుంచీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ "ఇక పడుకో" అంటుంటే, ఆ మాట వినపడకుండా అడ్డుకుంటుంది. అలసట ఎక్కడికీ పోదు. అయిదు గంటలు గడిచినా తాగినదాంట్లో సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఇంకోటి తాగావనుకో, రాత్రి నిద్ర చెడుతుంది, మర్నాడు మళ్ళీ క్యాన్ కావాలి. నా భయమంతా అదే.

కాఫీ మానెయ్యమనను. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం రెండు లోపల ఇంకోటి చాలు. టీ మాత్రం అన్నం తిన్నాక గంట ఆగి తాగు. వెంటనే తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నీకసలే రక్తం తక్కువ.

పొద్దున్న ఖాళీ కడుపుతో పరిగెత్తడం ముందు మానాలి నువ్వు. సంచిలో పెట్టిన చోడిపిండి, అదే రాగిపిండి, ఉంది కదా, రాత్రి రెండు చెంచాలు గ్లాసుడు నీళ్ళలో కలిపి మూతపెట్టు. తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. పొద్దున్న ఇంకో గ్లాసు నీళ్ళు మరిగించి అందులో ఆ పిండినీళ్ళు పోసి, ఉండకట్టకుండా కలుపుతూ పచ్చివాసన పోయేదాకా సన్నసెగ మీద ఉంచు. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసుకో. చోళ్ళలో కాల్షియం 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములు దాటే ఉంటుంది. అంబలి తాగి వెళ్ళిన రోజు పదకొండింటికే నీరసం రాదు, నువ్వే చూస్తావు.

ఏసీలో దాహం తెలీదు, నీళ్ళ సీసా బల్లమీదే పెట్టుకో. మూడింటికి పల్చటి మజ్జిగ తాగు, అల్లం, కరివేపాకు నలిపి వేసుకుంటే ఇంకా మంచిది. ప్యాకెట్టుదైనా ఫరవాలేదు, చక్కెర లేనిది చూసుకో.

మీ పీజీలో పిల్లలు నీరసానికి ఓఆర్ఎస్ పేరుతో తీపి డబ్బాలు తాగుతారన్నావు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, అలాంటి పానీయాల మీద ఆ పేరు వెయ్యకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. వాళ్ళకీ చెప్పు.

రెండు వారాలు చూసినా ఇలాగే ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకుని డాక్టరుకి చూపించు. రిపోర్టులు నాన్నకి కూడా పంపు. డబ్బులు ఆయన వేస్తారు, నువ్వు అడగక్కర్లేదు.

అమ్మ