ముందు ఫిర్యాదు రాసుకోండి, గుర్తింపు కార్డు తర్వాత అడగండి

సంపాదకులకు నమస్కారం.

మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల గురించి మన పత్రికల్లో వార్త వచ్చిందంటే అది నకిలీ ఆధార్ గురించో, అక్రమ వలస గురించో అయి ఉంటుంది. వాళ్లను పట్టి ఉంచి, కొట్టి డబ్బు గుంజే దలాళ్ల సంగతి మాత్రం ఎక్కడో మూలన పడిపోతోంది.

బాలాపూర్‌లో నాది మొబైల్ రిపేర్ షాపు. ఈ చుట్టుపక్కల గుడిసెల్లో ఉండే రోహింగ్యా కుటుంబాల్లో చాలామంది చిత్తు ఏరి, కూలికి పోయి బతుకుతారు. మొన్నామధ్య ఒకావిడ పగిలిన ఫోన్ తెచ్చి, "భయ్యా, స్క్రీన్ ఎట్లున్నా సరే, వాయిస్ మెసేజ్‌లు మాత్రం పోవద్దు" అంది. స్పీకర్ చూద్దామని ఒకటి ప్లే చేశాను. ఒక కుర్రాడు ఏడుస్తున్నాడు. వెనక కర్రతో కొడుతున్న చప్పుడు.

ఆ కుర్రాడు ఆమె తమ్ముడు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ క్యాంపు నుంచి మలేసియాకు పడవ ఎక్కాడు. ఎక్కేటప్పుడు దలాలు పైసా అడగలేదట. దారిలో అడవిలో ఆపేసి, అప్పుడు ఇంటికి ఫోన్ చేయించారు. ఈమె కమ్మలు అమ్మింది, చిత్తు కొనే సేటు దగ్గర అప్పు చేసింది. తమ్ముడు బయటపడ్డాడు గానీ, మొగుడి సంపాదనంతా ఇప్పటికీ ఆ అప్పుకే పోతోంది. పెద్దపిల్ల బడి మానేసింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు. "కట్నం వద్దు, అప్పు కూడా మేమే కడతాం" అంటూ ఉత్తరాది నుంచి ఒక సంబంధం వచ్చిందని చెప్పినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. అది పెళ్లి సంబంధమేనా?

వీళ్లు సరదాకు పడవలు ఎక్కడం లేదు. 1982 చట్టంతో మయన్మార్‌లో పౌరసత్వం పోయింది. 2017లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అక్కడి క్యాంపుల్లో పనికి అనుమతి లేదు. 2023లో అయితే మనిషికి నెలకు 12 డాలర్ల రేషన్‌ను 8కి కోశారు. తర్వాత పెంచారు గానీ, 2023లోనే సముద్రం మీద బయలుదేరిన సుమారు 4,500 మందిలో 569 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చెప్పింది. 2015లో మలేసియా సరిహద్దు వాంగ్ కెలియన్ అడవుల్లో దలాళ్ల స్థావరాల దగ్గర 139 సమాధులు బయటపడ్డాయి.

ఈ ముఠాలు మన దగ్గరా ఉన్నాయి. 2023 నవంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) తెలంగాణ సహా పలు రాష్ట్రాల్లో దాడులు చేసి 44 మందిని పట్టుకుంది. మంచి పనే. కానీ బాధితులు నోరు విప్పకుండా కేసులెట్లా నిలుస్తాయి? పోలీసుల దగ్గరికి పొమ్మంటే ఆమె, "ముందు మమ్మల్నే లోపలేస్తారు" అంది. రాజ్యాంగం 23వ అధికరణ మనుషుల క్రయవిక్రయాన్ని నిషేధించింది. అందులో పౌరులకు మాత్రమేనన్న మాట లేదు. అందుకే ఫిర్యాదు ముందు తీసుకోవాలి. వచ్చినవాళ్ల మీదే దాన్ని తిప్పకూడదు.

చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ ఆమె ఫోన్‌లో వేసిచ్చాను. ఫోన్ చేస్తే ముందు పిల్ల గురించి అడుగుతారో, కాగితాల గురించి అడుగుతారో అధికారులెవరైనా మీ పత్రిక ద్వారా స్పష్టంగా చెప్పాలని కోరుతున్నాను. ఆమెకు నేను భరోసాగా చెప్పాలంటే నాకు ఆ జవాబు కావాలి.

— ఒక మొబైల్ రిపేర్ దుకాణదారు, బాలాపూర్, హైదరాబాద్