ఏం తేలింది మేడమ్? – విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒకదానిలో 27 ఏళ్ళుగా బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. ఇంకో మూడేళ్ళలో రిటైరవుతాను. ఇన్నేళ్ళలో ఒక మంత్రిగారికి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మందుల కంపెనీల వ్యర్థాలు చేరిన నక్కవాగు ఒడ్డున ఒక రైతు నన్నొక ప్రశ్న అడిగాడు. దానికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గర దొరుకుతుందేమోనని రాస్తున్నాను.

పోయిన చలికాలం ఒక ఉదయం నేనూ, నా స్కాలరూ నీళ్ళలో ఏ మందు ఎంతుందో చూద్దామని పటాన్‌చెరు దాటి వాగు దగ్గరికి వెళ్ళాం. మా సరంజామా అంతా ఒక థర్మాకోల్ పెట్టె, దాంట్లో ఐసు, పన్నెండు సీసాలు. సీసాలు ముదురు గోధుమరంగువి. తెల్ల సీసాలో పడితే ఎండ తగిలి సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు దార్లోనే విరిగిపోవడం మొదలుపెడతాయి. సీసాను ముందు ఆ వాగు నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, గొంతుదాకా నింపి, లేబుల్ మీద పెన్సిల్‌తో రాయాలి. పెన్నుతో రాస్తే ఐసు తడికి అక్షరాలు పోతాయి. నీళ్ళ మీద నురగ ఉంది. వాసన గురించి చెప్పను, ఆ దారిన పోయేవాళ్ళందరికీ తెలిసిందే.

అవతలి గట్టున రెండు బర్రెలు మేస్తున్నాయి. వాటి యజమాని చాలాసేపు మమ్మల్ని చూసి, దగ్గరికొచ్చి అడిగాడు: "పోయినేడు గూడ గిట్లనే సీసాలల్ల పట్టుకపోయిన్రు మేడమ్. ఏం తేలింది?"

పోయినేడు వెళ్ళింది మేం కాదు. ఎవరు వెళ్ళారో నాకు తెలీదు. కానీ సీసాలు పట్టుకొచ్చేవాళ్ళంతా అతనికి ఒకటే. "ఇంకా తేలలేదు" అని చెప్పి వచ్చేశాను.

మా శాంపిళ్ళకు తర్వాత ఏమైందో మీకు చెప్పాలి. నీళ్ళలో కలిసిపోయిన మందుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, అణువు బరువును బట్టి గుర్తుపట్టి, లీటరులో ఎంతుందో చెప్పే యంత్రం పేరు ఎల్‌సీ-ఎంఎస్. అది మా దగ్గర లేదు. నగరంలోనే ఉన్న ఒక కేంద్ర సంస్థలో శాంపిల్‌కు ఇంతని డబ్బు కట్టి క్యూలో నిలబడ్డాం. మా వంతు ఆరు వారాల తర్వాత అన్నారు. నీళ్ళను అన్నాళ్ళు ఉంచలేం. అందుకని వాటిని వడకట్టి, చిన్న కాట్రిడ్జ్‌లలోంచి పోనిచ్చి, మందు అంటుకున్న ఆ కాట్రిడ్జ్‌లను ఫ్రీజర్లో దాచాం. నాలుగో వారంలో వరసగా రెండు రాత్రులు కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ లేదు. డీజిల్ బిల్లు పాస్ కాలేదట. పొద్దున వచ్చి చూస్తే ఫ్రీజర్ కింద నీళ్ళ మడుగు. అలా కరిగిన శాంపిల్‌తో వచ్చే అంకెను నేను నమ్మలేను, ఎవరినీ నమ్మమని చెప్పలేను. పారేశాం. ఆ రైతుకు నిజంగా ఇవ్వాల్సిన జవాబు అది.

మంత్రిగారూ, ఆ నీళ్ళలో ఏముందో ప్రపంచానికి మొదట గట్టిగా చెప్పింది మన విశ్వవిద్యాలయాలు కావు. స్వీడన్ వాళ్ళు. 2007లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన పత్రం అచ్చువేసింది. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్ళను వాళ్ళు పరీక్షించారు. లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. టైఫాయిడ్‌కూ మూత్రంలో ఇన్ఫెక్షన్‌కూ డాక్టర్లు ఏళ్ళ తరబడి రాసిన మాత్ర ఇది. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించి ఉండదు. అంటే రోగి ఒంట్లోకన్నా వాగులోకి వదిలే నీళ్ళలో పది రెట్లు ఎక్కువ మందు ఉందన్నమాట. ఒక్క రోజులో అలా బయటికి పోయే సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న తమ దేశం అయిదు రోజుల్లో వాడేది అంతేనని వాళ్ళు లెక్కకట్టారు.

ఆ పత్రం నేను చదివింది మా డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో. చదివి సిగ్గుపడ్డాను, దాచుకోను. మా ల్యాబ్ నుంచి, ఆ నీళ్ళు వదిలిన ఇసకవాగుకు సిటీ బస్సులో వెళ్ళి రావచ్చు. వాళ్ళేమో గోథెన్‌బర్గ్ నుంచి వచ్చారు. అప్పట్లో "విదేశీయుల లెక్కలు మనమెందుకు నమ్మాలి?" అని మా స్టాఫ్ రూములోనే అన్నవాళ్ళున్నారు. నమ్మొద్దనుకుంటే మనమే కొలవాలి కదా? పదేళ్ళ తర్వాత, 2017లో, ఈసారి జర్మనీ శాస్త్రవేత్తల పత్రం వచ్చింది. పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామిక ప్రాంతంలో ఒక మురుగు కాల్వలో, ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్ లీటరుకు 237 మిల్లీగ్రాములు ఉందని తేల్చారు. మళ్ళీ సీసాలు పట్టుకొచ్చింది బయటివాళ్ళే.

ఇందులో కెమిస్ట్రీ ఎంతో, బయోకెమిస్ట్రీ అంత. సిప్రోఫ్లాక్సాసిన్ మొండి అణువు. బురదకు గట్టిగా అంటుకుంటుంది, నీళ్ళు ఎండినా అక్కడే ఉంటుంది. వ్యర్థాల్ని తినిపెట్టడానికి శుద్ధి కేంద్రాల్లో బాక్టీరియాను పెంచుతారు. ఆ బాక్టీరియా బాగా పనిచేయాలని ఇళ్ళ మురుగును కూడా కలిపేవారు. అంటే మనుషుల పేగుల్లోంచి వచ్చిన సూక్ష్మజీవుల్నీ, మందునూ ఒకే తొట్టిలో రోజుల తరబడి తిప్పడం. ఆ మందుకు తట్టుకున్నదే బతుకుతుంది. బతికింది ఊరుకోదు, తట్టుకునే జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద పెట్టి పక్కదానికి అందిస్తుంది. దానికి ఒకే జాతి కానక్కర్లేదు. మా ఎమ్మెస్సీ పిల్లలకు ఇది చెప్పేటప్పుడు పరీక్షలో కాపీ చీటీ అందించుకోవడంతో పోలుస్తాను, వెంటనే అర్థమైపోతుంది. ఒక నీటివనరులో ఇలాంటి బాక్టీరియా పెరక్కుండా ఉండాలంటే సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాము దాటకూడదని 2016లో ఇదే లార్సన్, మరో శాస్త్రవేత్తతో కలిసి అంచనా వేశారు. 31 మిల్లీగ్రాములంటే 31,000 మైక్రోగ్రాములు, దానికి దాదాపు 5 లక్షల రెట్లు.

ఇంతా చేసి, ఆ మందు ఎంతుందో కొలవమని మన నిబంధనల్లో లేదు. వ్యర్థాల్లో పీహెచ్ (ఆమ్లమా క్షారమా అన్నది), సీఓడీ (మొత్తం సేంద్రియ మురికి లెక్క), కరిగిన లవణాలు వగైరా చూస్తారు. అవన్నీ బాగుండి కూడా నీళ్ళ నిండా యాంటీబయాటిక్ ఉండొచ్చు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల పరిశ్రమ వ్యర్థాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. మేమంతా సంతోషించాం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్రం వదిలేసినంత మాత్రాన మన చేతులు కట్టేసినట్టు కాదు. 1974 నాటి జల చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి కూడా ప్రమాణాలు పెట్టే అధికారం ఉంది. అయితే హద్దు పెట్టాలంటే ముందు అంకెలు కావాలి, ఏళ్ళ తరబడి ఒకే చోట ఒకే పద్ధతిలో తీసిన అంకెలు. అవి లేవు. అందుకే పర్యావరణ శాఖకు కాకుండా మీకు రాస్తున్నాను.

నేను మందుల కంపెనీలకు వ్యతిరేకిని కాను. రోజూ పొద్దున నేను వేసుకునే బీపీ మాత్ర ఎక్కడో ఇక్కడే తయారై ఉంటుంది. 1961లో పుట్టిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్, బాలానగర్‌లో దాని కర్మాగారం, 1970 పేటెంట్ చట్టం, ఇక్కడి కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తల పనితనం – వీటన్నిటి వల్ల హైదరాబాద్ బల్క్ డ్రగ్స్‌కు, అంటే మాత్రల్లో వేసే అసలు మందులకు, రాజధాని అయింది. మా పిల్లలకు ఉద్యోగాలిచ్చేది కూడా ఆ కంపెనీలే. ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన పిల్లాడు నైట్ షిఫ్ట్ దిగి, కళ్ళు ఎర్రగా, సర్టిఫికెట్ కోసం నేరుగా యూనివర్సిటీకి వస్తాడు. "మా క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో ఎల్‌సీ-ఎంఎస్‌లు నాలుగున్నాయి మేడమ్" అంటాడు. చదువుకున్న చోట ఒక్కటి లేదు. ఆ నాలుగూ మాత్ర లోపల ఏముందో చూడ్డానికి పనికొస్తాయి. కాల్వలో ఏముందో చూడమని వాటికెవరూ చెప్పలేదు.

మా ల్యాబుల సంగతి చెబుతాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక హెచ్‌పీఎల్‌సీ ఉంది, ద్రవంలో కలిసిన పదార్థాల్ని విడదీసి కొలిచే మిషన్. పదకొండేళ్ళ కింద ఒక ప్రాజెక్టు డబ్బుతో వచ్చింది. ప్రాజెక్టు అయిపోయింది, ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం) అయిపోయింది, పంపు సీలు పోయింది. సీలు చిన్న వస్తువు. మూడు కొటేషన్లు, ఇండెంట్, ఫైనాన్స్ సెక్షన్ ప్రశ్న, మా జవాబు, మళ్ళీ ప్రశ్న – ఫైలు తిరుగుతూనే ఉంది. ఇప్పుడు మిషన్ మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద పాత పేపర్లు. దాన్ని నడపడం తెలిసిన ఒకే ఒక టెక్నీషియన్ రిటైరయ్యాడు, ఆ పోస్టు నింపలేదు. 2022 జూలైలో పరిశోధన పరికరాల మీద 5 శాతం ఉన్న జీఎస్టీని 18కి పెంచారు. జీఎస్టీ కౌన్సిల్‌లో మన రాష్ట్రానికీ ఒక కుర్చీ ఉంది కాబట్టి ఈ మాట మీ చెవిన వేస్తున్నాను.

ల్యాబు ఇలా ఉంటే పరిశోధన ఎలా ఉంటుంది? పిల్లలు తెలివైనవాళ్ళు, డబ్బు అడగని టాపిక్ చూసుకుంటారు. ఒక దారి డాకింగ్. కంప్యూటర్ తెర మీద ప్రోటీన్‌లో మందు అణువు ఎలా కూర్చుంటుందో చూడటం. ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, సీసా మూత కూడా తీయక్కర్లేదు. రెండో దారి ఆకు దంచి, మిథనాల్‌లో నానబెట్టి, ఆ రసం చుక్క చుట్టూ బాక్టీరియా ఎన్ని మిల్లీమీటర్ల మేర చచ్చిందో స్కేలు పెట్టి కొలవడం. రెండిటిలోనూ మంచి పని చేసేవాళ్ళున్నారు. కానీ వాగు నీళ్ళ మీద పీహెచ్‌డీ చేస్తానని వచ్చిన అమ్మాయిని "వద్దమ్మా, అయిదేళ్ళలో అవదు" అని నేనే వెనక్కి పంపానంటే ఎవరిని తప్పుపట్టాలి? నెట్ ఫెలోషిప్ ఉన్నవాళ్ళకు నెలకు 37,000 వస్తుంది. అది లేనిపిల్లలు సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటూ పరిశోధన చేస్తున్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ప్రతి సైన్స్ డే ఉపన్యాసంలో వింటాం. మా ఫస్టియర్ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలిచేది ఇప్పటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిలోనే. 1925 నాటి పద్ధతి. పరీక్షనాళికలో నీలం రంగు తేలగానే పిల్లలు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు. ఆయన బోస్టన్‌లో వెలుగులోకి వచ్చింది ముందు ఈ కొలత పద్ధతితోనే. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ, క్యాన్సర్ మందులు ఆ తర్వాత. మరో సంగతి కూడా ఉంది. ఆయన అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌ల కుటుంబంలో మొదటిది, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోంచి పంపిన గుప్పెడు మట్టిలో దొరికింది. అక్కడ యూనివర్సిటీ మట్టిలోంచి యాంటీబయాటిక్ తీశారు. ఇక్కడ మట్టిలోకి పోతున్న యాంటీబయాటిక్ ఎంతో చెప్పడానికి యూనివర్సిటీకి తీరిక లేదు, మిషన్ లేదు.

నేను అడిగేది కొత్త సంస్థ కాదు, శిలాఫలకం అంతకంటే కాదు. ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒకదానికి ఈ బాధ్యత రాతపూర్వకంగా అప్పగించండి. ఇసకవాగు, నక్కవాగు, మంజీరలో కలిసే చోటు, అటు మూసీ, వాటి పక్కన కొన్ని బోర్లు – నెలనెలా అవే చోట్ల నీళ్ళు పట్టి, పది పదిహేను మందుల మోతాదూ, మందులకు లొంగని బాక్టీరియా లెక్కా తీయాలి. ఎల్‌సీ-ఎంఎస్ రెండు కోట్ల పైమాటే, తెలుసు. కానీ మిషన్ కొనడం సులువు, రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారు. ఆరో ఏడు దాని ఏఎంసీ కట్టడానికి ఎవరూ రారు. అందుకని పదేళ్ళ నిర్వహణ ఖర్చు మొదటి రోజే విడిగా పెట్టండి. కెమిస్ట్రీ వాళ్ళు ఒక బిల్డింగ్‌లో, బయోకెమిస్ట్రీ వాళ్ళు ఇంకో బిల్డింగ్‌లో, మైక్రోబయాలజీ వాళ్ళు మూడోదాంట్లో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోని మా అలవాటు కూడా దీనితో కొంత వదులుతుంది. ఆ తప్పు ప్రభుత్వానిది కాదు, మాదే.

అంకెలు వచ్చిన నెల లోపలే బయటపెట్టాలి. ఇంగ్లీషు జర్నల్లో రెండేళ్ళకు వచ్చే పేపర్ సంగతి మేం చూసుకుంటాం. వాగు పక్క గ్రామ పంచాయతీ ఆఫీసు గోడ మీద, తెలుగులో, ఈ నెల ఇంత, పోయిన నెల ఇంత అని రాయించాలి. ఏ కంపెనీ అనేది మా పని కాదు, అది కాలుష్య నియంత్రణ మండలి చూసుకుంటుంది. బాగున్న నెల బాగుందనే రాస్తాం. ఆ నీళ్ళు నిజంగా మెరుగయ్యాయేమో కూడా. పటాన్‌చెరులో శుద్ధి చేసిన నీళ్ళను మూసీ పక్కన అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దాకా 18 కిలోమీటర్ల పైపులో పంపడం మొదలయ్యాక వాగులో ఎంత తగ్గింది, మూసీలో ఎంత పెరిగిందనేది నెలవారీ లెక్క ఉంటేనే ఎవరైనా చెప్పగలిగేది.

తొలకరి పడ్డాక మళ్ళీ వాగుకు వెళ్తాం. ఎవరో రాత్రిపూట వదిలినవి కూడా మొదటి వానకే కొట్టుకొస్తాయి. సీసాలు కడిగి బోర్లించాం. ఆ రైతు మళ్ళీ కనిపిస్తాడు, మళ్ళీ అడుగుతాడు.

ఈ లేఖతో పాటు ఒక పేజీ బడ్జెట్ అంచనా జతపరిచాను. మీ ఆఫీసులో దాన్ని తగ్గించమంటారు, తెలుసు. ఏ వరుసైనా తగ్గించండి గానీ ఏడో వరుస, "ఆపరేటర్లు ఇద్దరు, పర్మనెంట్" అన్నది మాత్రం దయచేసి కొట్టేయకండి.

ఇట్లు,
మీ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఒక బయోకెమిస్ట్రీ టీచర్