రోకలి మీద రెండు మాటలు

సంపాదకులకు,

గ్రహణం పట్టిన ప్రతిసారీ మన ఓరుగల్లు పల్లెల్లో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. గ్రహణం నాటి ఆకర్షణ వల్లే అది నిలుస్తుందని, మామూలు రోజుల్లో నిలవదని నమ్మకం. కాదన్నవాళ్లకు వచ్చే జవాబు ఒకటే: ‘మీ సైన్సూ నమ్మకమే కదా!’ అందులో సగం నిజముంది.

యురేనస్ గ్రహం లెక్క తప్పి నడుస్తుంటే శాస్త్రజ్ఞులు న్యూటన్ ఆకర్షణ సూత్రాన్ని పారేయలేదు. కనబడని గ్రహమేదో లాగుతోందని నమ్మారు. ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియే లెక్కగట్టిన చోటికి ఒక డిగ్రీ లోపే, 1846 సెప్టెంబర్ 23 రాత్రి, బెర్లిన్‌లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి నడకలో తేడాకు కూడా అదే పెద్దమనిషి 1859లో సూర్యుడి పక్కన మరో గ్రహం ఉందన్నాడు. వల్కన్ అని పేరూ పెట్టేశారు. సంపూర్ణ సూర్యగ్రహణాల్లో వెతికారు, నిలకడగా ఎవరికీ చిక్కలేదు. శతాబ్దికి 43 ఆర్క్‌సెకన్ల (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడాను 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం సరిగ్గా తేల్చాక వల్కన్ కథ ముగిసింది. నమ్మకం రెండుసార్లూ ఒక్కటే. కానీ ఎక్కడ వెతకాలో ముందే చెప్పి, ఓడిపోయే వీలు ఉంచారు.

మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, ఇచ్చే భక్తురాలిది ఈ కోవ కాదు. ఆ మొక్కులో తూకం ఉందిగానీ పందెం లేదు. దానితో సైన్సుకు పేచీ ఎందుకు? రోకలి సంగతి వేరు, అది పందెమే.

సూర్యచంద్రుల ఆటుపోటు బలం (సముద్రాన్ని పొంగించే లాగుడు) కలిపినా భూమ్యాకర్షణలో సుమారు 60 లక్షలో వంతు. అదీ ప్రతి అమావాస్యకూ, పున్నానికీ దాదాపు అంతే ఉంటుంది. ఇక రోకలి అంటారా, పొడవు 4 అడుగులు, అడుగుభాగం వెడల్పు రెండున్నర అంగుళాలు ఉంటే 3 డిగ్రీల దాకా ఒరిగినా పడదు. ఓపికగా సర్దితే ఏనాడైనా నిలుస్తుంది. గ్రహణం నాడు పదిసార్లు సర్దుతారు, మామూలు రోజు ఒక్కసారీ ముట్టరు. చిక్కంతా అక్కడే.

పరీక్షించాలంటే అదే రోకలి, అదే పళ్లెం, అదే గచ్చు, అదే చెయ్యి ఉండాలి. గ్రహణానికి వారం ముందు 20 సార్లు, స్పర్శ మోక్షాల (గ్రహణం పట్టడం, విడవడం) నడుమ 20, వారం తర్వాత 20 నిలబెట్టండి. ఒక్కో ప్రయత్నానికి అర నిమిషమే గడువు. పడినవి కూడా రాయాలి, అవే ముఖ్యం. పొన్ను (అడుగున ఉండే ఇనుప కట్టు) ఒకవైపు అరిగిన రోకలి తీసుకోవద్దు, అది ఏ రోజూ నిలబడదు.

– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ